బీమారీలో కాఫీ

మన ఇళ్ళల్లో ఎవరికైనా బుఖార్ వచ్చిందంటే డాక్టర్ కంటే ముందు "నక్కో" వస్తుంది. పెరుగు నక్కో, గోష్ నక్కో, చల్లన్నం నక్కో, తల మీద నీళ్ళు నక్కో. ఈ నక్కోల వరసలో కాఫీ ఎక్కడ నిలబడుతుందో మాత్రం ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. ఒక ఇంట్లో బుఖార్‌కి కాఫీయే దవా. వేడివేడిగా ఒక గ్లాసు తాగి, రజాయి కప్పుకుని పడుకుంటే చెమట పట్టి దిగిపోతుందంటారు. గోడ అవతలి ఇంట్లో కాఫీ గరం, పైత్యం చేస్తుంది, బ్రెడ్డు పాలల్లో ముంచుకుని తిను అంటారు. ఇద్దరూ తమ నానీ చెప్పిందే చెప్తారు. ఇద్దరి పిల్లలకూ మూడో రోజుకి బుఖార్ దిగిపోతుంది. అల్‌హందులిల్లా.

మాది మదనపల్లి. హైదరాబాద్ చుట్టాలు వచ్చి ఇరానీ చాయ్ గురించి ఎంత చెప్పినా, మా ఇంట్లో ఫజర్ తర్వాత మొదట వినపడేది స్టీలు ఫిల్టర్ మూత చప్పుడే. రాత్రే డికాక్షన్ వేసి పడుకుంటారు. అబ్బా ఉన్నప్పుడు పొడి కొనడానికి ఆయనే వెళ్ళేవారు. కళ్ళముందు గింజలు మర పట్టించి, చికోరీ ఎంత కలపాలో చెప్పి, ఇంకా వేడిగా ఉన్న పొట్లాన్ని కుర్తా జేబులో పెట్టుకుని వచ్చేవారు. ఆ రోజంతా కుర్తా వాసన ఇంట్లో తిరిగేది.

నానీకి ఒక్కో బీమారీకి ఒక్కో కాఫీ. జలుబు చేస్తే సొంఠి, మిరియాలు, తాటిబెల్లం వేసిన కాఫీ. అందులో కాఫీ పొడి పేరుకి మాత్రమే. తలనొప్పికి చక్కెర లేని డికాక్షన్. విరేచనాలకి పాలు లేని కాఫీలో నిమ్మకాయ పిండి ఇచ్చేది. కామెర్లు వచ్చినవాళ్ళ దగ్గర కాఫీ మాటే ఎత్తనిచ్చేది కాదు. ఏది ఇచ్చినా ముందు గ్లాసు మీద ఏదో చదివి దం చేసేది. "దవా పేట్ కూ, దువా దిల్ కూ" అనేది. ఇందులో ఏది ఎంత పని చేసిందో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

కాఫీ మంచిదా చెడ్డదా అనే ఝగడా మా నానీతో మొదలవలేదు. 15వ సదీలో యెమెన్‌లో సూఫీలు రాత్రంతా జిక్ర్‌లో నిద్ర ఆపుకోవడానికి కహ్వా తాగేవారు. అక్కడినుంచి మక్కాకి, కైరోకి వచ్చింది. కహ్వా అనే మాట పాత అరబీలో షరాబ్‌కి కూడా వాడేవారు కాబట్టి, పేరు వింటేనే కొంతమందికి షక్. 1511లో మక్కాలో ఖైర్ బేగ్ అనే అధికారి దీని మీద పంచాయితీ పెట్టించాడు. ఆలిములు కూర్చున్నారు. హకీములను పిలిచారు. హకీములు దీని మిజాజ్ ఠండా, ఖుష్క్ అన్నారు, ఒంటికి మంచిది కాదన్నారు. కాఫీ బంద్ అయింది. తర్వాత కైరోలోని సుల్తాన్ దగ్గరినుంచి ఆ బందీ సడలిస్తూ హుకుం వచ్చింది. మా నానీ గరం అన్నదాన్ని మక్కా హకీములు ఠండా అన్నారు చూడండి. 500 ఏళ్ళయినా బహస్ అలాగే ఉంది.

మన దేశానికి ఇది వచ్చిన కథ కూడా ఒక బుజుర్గ్ పేరుతోనే చెప్పుకుంటాం. 17వ సదీలో బాబా బుడన్ హజ్ చేసుకుని వస్తూ మోఖా రేవు నుంచి 7 గింజలు తెచ్చి చిక్‌మగళూరు కొండల్లో నాటారని రివాయత్. ఆ కొండలకి ఇప్పటికీ ఆయన పేరే. మా అబ్బా ఆ కథ చెప్పిన ప్రతిసారీ, "ఏడు గింజలు, సవాబు చూడు ఎంతమందికి పంచాడో" అని గ్లాసు ఎత్తేవారు.

ఈ కిస్సాలు పక్కన పెట్టి, ఒంట్లో కాఫీ ఏం చేస్తుందో తెలుసుకోవాల్సిన జరూరత్ మాకు అమ్మీ బీమారీతో వచ్చింది. ఆ సంగతికి వచ్చేముందు మామూలు బీమారీల గురించి నాలుగు మాటలు చెప్తాను. ఇవి ప్రతి ఇంటికీ పనికొచ్చేవి.

రోజూ కాఫీ తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. రమజాన్ మొదటి రోజాల్లో అసర్ వేళకి తల పగిలిపోయేది చాలామందికి ఇందుకే. ఆకలికి కాదు. బుఖార్‌లో కూడా ఇదే జరుగుతుంది. తిండి సహించదు, కాఫీ మానేస్తారు, రెండో రోజుకి తలనొప్పి. బుఖార్ తలకెక్కింది అని ఇంట్లో ఘబ్రాయిస్తారు. సగం తలనొప్పి కాఫీ లేనందుకే. తలనొప్పి మాత్రల్లో కొన్నింట్లో కెఫీన్ కలిపే ఉంటుంది, అట్ట వెనక చిన్న అక్షరాలు చదివితే కనపడుతుంది. నానీ డికాక్షన్ మరీ ఊరికే పని చేయలేదన్నమాట.

విరేచనాల సంగతి వేరు. కాఫీ పేగుల్ని ఇంకా కదిలిస్తుంది. అక్కడ నిమ్మకాయ కాఫీ కంటే ఓఆర్ఎస్ ప్యాకెట్టు మేలు. నానీ రూహ్‌కి మాఫీ చెప్పుకుని ఇది రాస్తున్నాను. రక్తం తక్కువని ఐరన్ మాత్రలు వాడే ఆడపిల్లలు మాత్ర పక్కనే కాఫీ తాగితే ఆ ఐరన్ ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. చాయ్ అయితే ఇంకా ఎక్కువ తగ్గిస్తుంది. థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి కాఫీ తాగాలి. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయోటిక్ వాడుతున్నప్పుడు ఒంట్లోని కెఫీన్ తొందరగా కరగదు. మామూలుగా తాగే రెండు కప్పులకే గుండె దడ, నిద్ర లేకపోవడం. మామూలు మనిషికే తాగిన కెఫీన్‌లో సగం పోవడానికి దాదాపు 5 గంటలు పడుతుంది. బీమార్‌కి నిద్రే సగం షిఫా కాబట్టి, అసర్ తర్వాత కాఫీ ఆపడం మంచిది. హమల్‌తో ఉన్నవాళ్ళకి ఇది కరగడానికి ఇంకా చాలా సేపు పడుతుంది, వాళ్ళు రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. అంటే సుమారు రెండు చిన్న కప్పులు.

ఒక తమాషా కూడా చెప్పాలి. మా చెల్లెలి కొడుకు నెలలు నిండకుండా ఏడో నెలలోనే పుట్టాడు. అద్దాల పెట్టెలో పెట్టారు. అంత చిన్న పిల్లలు నిద్రలో ఊపిరి తీసుకోవడం మర్చిపోతారట. అందుకు ఇచ్చే దవా ఏమిటని అడిగితే నర్సు కెఫీన్ అంది. కెఫీన్ సిట్రేట్. కొలిచి చుక్కల్లో ఇస్తారు. ఆ చుక్కలు వాడికి ఊపిరి యాద్ చేస్తాయి. ఈ మాట ఫోన్లో చెప్తే అమ్మీ నవ్వీ నవ్వీ ఏడ్చింది. "హమారే ఖాందాన్ కా బచ్చా హై, కాఫీ పీకే సాంస్ లేతా" అంది. వాడికిప్పుడు ఆరేళ్ళు, మాషా అల్లా. కాఫీ వాసన పడదు వాడికి.

ఇక అమ్మీ.

అమ్మీకి షుగర్ 20 ఏళ్ళుగా ఉంది. దాంతో కిడ్నీలు పోయాయి. ఇప్పుడు వారానికి మూడు రోజులు డయాలిసిస్. ప్రతిసారీ 4 గంటలు. అల్లా ఇచ్చిన కిడ్నీ రాత్రీ పగలూ ఆగకుండా చేసే పనిని ఆ మషీన్ వారానికి 12 గంటల్లో చేయాలి. మిగతా గంటలన్నీ అమ్మీ ఏం తాగిందో అది ఒంట్లోనే ఉంటుంది. ఒక లీటరు నీళ్ళు తాగితే ఒక కిలో బరువు. అందుకే అక్కడ అడుగుపెట్టగానే ముందు త్రాసు ఎక్కిస్తారు. త్రాసు దగ్గర ఎవరి అబద్ధమూ సాగదు.

డాక్టర్ అమ్మీకి రాసింది రోజుకు 800 మిల్లీలీటర్లు. నీళ్ళు, మజ్జిగ, రసం, షోర్బా, మాత్రలు మింగే గుటక, అన్నీ కలిపి. ఎండాకాలం మదనపల్లిలో కూడా 800 అంటే ఏమిటో ఒక రోజు కొలుచుకుని చూడండి.

ఇంట్లో మొదటి ఝగడా కాఫీ మీదే వచ్చింది. భాయిజాన్ కువైట్‌లో ఉంటాడు. రోజూ ఇషా తర్వాత వీడియో కాల్. "కాఫీ బంద్ కరో అమ్మీ, సీదా బంద్" అన్నాడు. దూరంగా ఉన్నవాడి ముహబ్బత్ పరహేజ్ రూపంలోనే వస్తుంది, ఇంకేం చేయగలడు? చెల్లెలిది ఇంకో దారి. "ఎన్నాళ్ళు ఉంటుందో తెలియని మనిషిని ఒక కాఫీకి ఏడిపిస్తారా? అడిగినప్పుడల్లా ఇవ్వండి" అంది. ఆ మాట వినపడిందేమోనని అందరం లోపలి గది వైపు చూశాం. వినపడింది. అమ్మీ బయటికి వచ్చి, "మేరా హిసాబ్ మేరేకూ ఆతా" అంది. అమ్మీ పదో తరగతి కూడా చదవలేదు. కానీ అబ్బా కిరాణా కొట్టు ఖాతా పుస్తకం 30 ఏళ్ళు ఆమే రాసింది.

తర్వాతి జుమేరాత్ డాక్టర్‌ని అమ్మీ తనే అడిగింది. ఉర్దూ కలిసిన తెలుగులో, సూటిగా. "సార్, కాఫీ నాకు హరామా?" అంది. ఆయన నవ్వలేదు. చిన్న కప్పు తాగొచ్చు, అది మీ 800లోనే లెక్క, పాలు తక్కువ పోసుకోండి అన్నాడు. పాలల్లో ఫాస్ఫరస్ ఉంటుంది, అది ఎముకలకి చెడుపు. కాఫీలో కొంచెం పొటాషియం ఉంటుంది, అందుకే పెద్ద గ్లాసు వద్దు. ఉప్పు మాత్రం బాగా తగ్గించండి, ఉప్పే మీకు దాహం పుట్టిస్తుంది అన్నాడు. ఇది అమ్మీకి, ఆమె రిపోర్టులు చూసి చెప్పిన మాట. మీ ఇంట్లో ఇలాంటి బీమార్ ఉంటే మీ డాక్టర్‌ని అడగండి, ఒక్కొక్కరి లెక్క ఒక్కోలా ఉంటుంది.

అమ్మీ ఆ రోజే ఇంటికొచ్చి అచార్ జాడీలు మూడూ ఇరుగుపొరుగుకి ఇచ్చేసింది. ఆవకాయ, నిమ్మకాయ, గోంగూర. అచార్ లేకుండా ముద్ద దిగని మనిషి. "అచార్ ఖాయే తో పానీ పీనా పడ్తా. పానీ పీయే తో కాఫీ జాతీ" అంది. 40 ఏళ్ళ అచార్‌ని ఇచ్చి కాఫీని కొనుక్కుంది.

ఆమె హిసాబ్ ఇలా నడుస్తుంది. పొద్దున్నే ఒక సీసాలో 800 గీత దాకా నీళ్ళు పోస్తుంది. రసం తిన్నా, మజ్జిగ తాగినా, కాఫీ తాగినా, అంత కొలత నీళ్ళు ఆ సీసాలోంచి తీసి పుదీనా కుండీలో పోస్తుంది. సీసాలో ఎంత మిగిలితే అంతే ఆ రోజుకి. కాఫీకి 60 మిల్లీలీటర్ల బుల్లి స్టీలు గ్లాసు. ఫజర్ తర్వాత ఒకటి, జుహర్ తర్వాత ఒకటి. 120 పోయింది. చిక్కటి డికాక్షన్, పేరుకి పాలు. ఆ 60 మిల్లీలీటర్లు తాగడానికి ఆమెకి పావుగంట పడుతుంది. మధ్యలో ఎవరు పిలిచినా పలకదు. దాహం మరీ ఎక్కువైనప్పుడు వజూ ఆమెకి పెద్ద రాహత్. మూడుసార్లు నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించి ఉమ్మేస్తుంది. మింగకుండా నోరు తడుపుకోమని నర్సు చెప్పినప్పుడు అమ్మీ, "యే తో బచ్‌పన్ సే ఆతా మేరేకూ" అంది.

ఒక్కసారి భయపెట్టింది. మామూ మనవరాలి షాదీ. రెండు రోజులు ఇల్లంతా జనం. బిర్యానీ, దాల్చా, ఖట్టా, పాపడ్. మూడో రోజు రాత్రి అమ్మీకి పడుకుంటే ఊపిరాడలేదు. కూర్చోబెట్టాం. కూర్చున్నా గురక లాంటి శబ్దం. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. అర్ధరాత్రి ఆటోలో తీసుకెళ్తుంటే ఆమె వేళ్ళు నా మణికట్టు మీద తస్బీహ్ లెక్కపెడుతున్నాయి. ఆ రాత్రే మషీన్ ఎక్కించారు. మూడు కిలోలకు పైగా నీరు తీశారు. తెల్లారేసరికి అమ్మీ కళ్ళు తెరిచి, ఫజర్ ఖజా అయ్యిందా అని అడిగింది.

ఇంటికి వచ్చాక వరసగా అందరూ అన్న మాట ఒకటే. "ఔర్ పియో కాఫీ." ఖాలా అంది, పక్కింటి వాళ్ళన్నారు, భాయిజాన్ ఫోన్లో ఏడుస్తూ అన్నాడు. డాక్టర్ మాత్రం కాఫీ మాట ఎత్తలేదు. షాదీలో ఏం తిన్నారు అని అడిగాడు. బిర్యానీలో ఉప్పు, దాల్చాలో ఉప్పు, పాపడ్‌లో ఉప్పు. ఆ ఉప్పుకి దాహం, ఆ దాహానికి లెక్క తప్పిన నీళ్ళు. ఆ రెండు రోజులూ హడావిడిలో అమ్మీ కాఫీ తాగనే లేదు. ఆ మాట ఎంతమందికి చెప్పినా ఎవరూ నమ్మలేదు. మనకి దాల్చా మీద షక్ రాదు. కాఫీ మీద వస్తుంది. ఎందుకంటే కాఫీ షౌక్. షౌక్ ఉన్న బీమార్‌ని చూస్తే మనకి ఏదో కోపం.

అయాదత్‌కి వచ్చేవాళ్ళని చూడండి. బీమార్‌ని పరామర్శించడం మన దీన్‌లో ఒక ముసల్మాన్‌కి ఇంకో ముసల్మాన్ మీద ఉన్న హక్. వస్తారు, అల్లా వాళ్ళకి జజా ఇవ్వాలి. చేతిలో కొబ్బరి బొండాలు, బత్తాయిలు, అరటిపండ్లు. అమ్మీ చేతిలో బుల్లి గ్లాసు చూసి, "అరే, ఈ హాలత్‌లో కాఫీయా!" అని ముక్కు మీద వేలేసుకుంటారు. అదే చేత్తో బొండాం కొట్టి, "ఇది తాగు ఆపా, చలువ" అంటారు. కొబ్బరి నీళ్ళ నిండా పొటాషియం. కిడ్నీలు పని చేయని ఒంట్లో పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. అందరూ భయపడే కాఫీ ఆమె లెక్కలో ఉంది. అందరూ ముద్దుగా ఇచ్చే బొండాం ఆమె ప్రాణం మీదికి తెస్తుంది. మా వీధిలో ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పానో. కొంతమంది నొచ్చుకున్నారు కూడా. అమ్మీ నొప్పించకుండా చెప్పడం నేర్చుకుంది. బొండాం తీసుకుని, "మేరే నామ్ పే నువ్వే తాగు, నాకు సవాబు" అంటుంది.

ఒక రోజు ఒక పెద్దావిడ మంచి మనసుతోనే అంది, "కాఫీ నఫ్స్ బెహెన్, సబర్ చెయ్యి" అని. అమ్మీ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "రోజా మాఫ్ చేసిన అల్లా, కుర్చీలో నమాజ్ కబూల్ చేసే అల్లా, ఈ గుక్కెడు కాఫీకి నన్ను పట్టుకుంటాడా బెహెన్?" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నిలబడలేనివాడు కూర్చుని, కూర్చోలేనివాడు పడుకుని నమాజ్ చదవొచ్చు. నీళ్ళు తగలకూడనివాడికి తయమ్ముమ్ ఉంది. బీమార్ రోజా తర్వాత ఉండొచ్చు, అసలు ఉండలేనివాడు ఫిద్యా ఇవ్వొచ్చు. అమ్మీ ప్రతి రమజాన్‌కీ ఫిద్యా లెక్కగట్టి ఇస్తుంది. దీన్ బీమార్‌కి రుఖ్సత్‌లు ఇచ్చుకుంటూ పోతుంటే, మన ఇళ్ళు మాత్రం నక్కోలు పెంచుకుంటూ పోతున్నాయి. అలాగని అడిగినదల్లా ఇవ్వమని చెప్పడం లేదు. ఒళ్ళు అమానత్. దానికి నుక్సాన్ చేయడం మన ఇష్టం కాదు. ఆ 800 గీత అమ్మీకి అందుకే ఫర్జ్ లాంటిది. కానీ ఆ గీత లోపల ఏం తాగాలో చెప్పే హక్ ఆమెది. ఒంట్లో సూదులు, చేతిలో ఫిస్టులా, త్రాసు, టైం, మాత్రలు, అన్నీ ఇంకొకరు నిర్ణయించే బతుకులో ఆమె తనంతట తాను నిర్ణయించుకునేవి రోజుకు రెండే. ఒక్కొక్కటి 60 మిల్లీలీటర్లు.

భాయిజాన్ ఈ మధ్య కాఫీ మాట ఎత్తడం మానేశాడు. పోయిన నెల ఎవరో వస్తుంటే వాళ్ళ చేతికి ఒక పార్సిల్ పంపాడు. ఖజూర్ ఉంటుందేమో, పొటాషియం అని తిట్టాలని విప్పాను. రెండు ఫింజాన్‌లు. అరబ్బులు కహ్వా తాగే, చేతులు లేని బుల్లి కప్పులు. అమ్మీ ఒకదాంట్లో నీళ్ళు పోసి కొలిచి చూసింది. 60 పట్టలేదు, 50కే అంచు దాకా వచ్చింది. "తీన్ బార్ పీ సక్‌తీ" అని లెక్కేసింది. 150 అవుతుంది అమ్మీ, 30 ఎక్కువ అన్నాను. "రసం మే సే కాట్ లేతూఁ" అంది.

మీ ఇంట్లో ఎవరైనా బీమార్ ఉంటే, ఏం తినకూడదో చెప్పేముందు ఏం తినాలని ఉందో ఒకసారి అడగండి. అడిగి, ఆ మాట డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. అయాదత్‌కి వెళ్తే పండ్లు కొనేముందు ఒక ఫోన్ చేయండి. అమ్మీకి రేపు డయాలిసిస్ ఉంది. దువాలో యాద్ పెట్టుకోండి.